బతాన్ కొండ మీద బత్తంబాంగ్ పెళ్లి

లుదివినా టీచరు మంచును ఎన్నడూ చూడలేదు. అయినా మంచు మీద జారిపడకుండా ఎలా నడవాలో నాలుగేళ్లలో వెయ్యిమందికి పైగా నేర్పింది. చేపల రేవు నుంచి ఐసు దిమ్మ తెప్పించి, పగలగొట్టి, ఒక్కొక్కరి అరచేతిలో ఓ ముక్క పెట్టేది. "వంద లెక్కపెట్టేదాకా వదలకండి. అక్కడ గాలే ఇలా ఉంటుంది," అనేది. తను విమానం ఎక్కలేదు గానీ విమానం ఆట ఆడించేది. కుర్చీలు రెండు వరసలుగా వేసి, నడుములకు గోనెతాళ్లు బెల్టుల్లా కట్టి, తానే అన్నం పళ్లేలు అందిస్తూ నడవాలో అటూ ఇటూ తిరిగేది. అంగడి ఆట, అద్దెకొంప ఆట, ఉద్యోగం ఆట, డాక్టరు దగ్గరికి వెళ్లే ఆట... ఆమె తరగతిలో బల్లలు ఏ రోజూ నిన్నటి చోట ఉండేవి కావు.

శరణార్థుల శిబిరం ఫిలిప్పీన్స్‌లోని బతాన్ కొండల్లో, సముద్రం వైపు వాలు మీద ఉండేది. థాయ్ సరిహద్దు దాటి వచ్చిన కంబోడియా వాళ్లు, లావోస్ వాళ్లు, పడవల్లో బయటపడిన వియత్నాం వాళ్లు ఆరేసి నెలలు అక్కడ ఉండి, ఇంగ్లీషూ అమెరికా పద్ధతులూ నేర్చుకుని ఆ దేశానికి వెళ్లిపోయేవారు. నేర్పేవాళ్లందరూ ఫిలిప్పీన్స్ వాళ్లే. అమెరికా చూసినవాళ్లు వాళ్లలో నలుగురో అయిదుగురో. లుదివినాకి ఆ దేశం బొమ్మల పుస్తకాల్లోదీ, శిక్షణ కాగితాల్లోదీ. అయినా దాని మీద ఆమెకి ఎంత బెంగ ఉండేదంటే, ఒక్కోసారి పాఠం చెబుతూ చెబుతూ, ఎప్పుడో వదిలి వచ్చిన ఊరి గురించి చెప్పినట్టు గొంతు మారిపోయేది.

ఆమెది కొండ దిగితే వచ్చే బలాంగా పట్నం. ముప్పై మూడేళ్లు. పదకొండో ఏట తల్లి పోయింది. తండ్రి చేపల చెరువుల దగ్గర కాపలా పని చేసేవాడు. వెనక నలుగురు తమ్ముళ్లూ చెల్లెళ్లూ. వాళ్లకి వండిపెట్టడం, చదివించడం, ఒక్కొక్కరినీ ఓ దారికి చేర్చడంలో ఆమె పెళ్లి వయసు ఎటు పోయిందో ఆమెకే తెలియదు. అమాదో అనే సర్వేయరు ఆరేళ్లు ఎదురుచూశాడు. ఏడో ఏడు సెబూ దీవిలో పని దొరికి వెళ్లి, అక్కడే పెళ్లి చేసుకున్నాడు. ఆ కబురు విన్నరోజు కూడా లుదివినా సాయంత్రం తమ్ముళ్లకి చేపలు వేయించింది.

ఎనభై నాలుగో సంవత్సరం ఏప్రిల్‌లో ఆమెకి వచ్చిన తరగతి కంబోడియా వాళ్లది. ఇరవై ఇద్దరు. మాట అటూ ఇటూ చేరవేయడానికి సారిన్ అనే ఆయన ఉండేవాడు. బత్తంబాంగ్ పట్నంలో ఒకప్పుడు పోస్టుమాస్టరు. ఉత్తరం చేరవేసినంత జాగ్రత్తగా మాట చేరవేసేవాడు. వెనక బల్ల మీద కూర్చునే చున్ తాతకి డెబ్భై నిండబోతున్నాయి. ఒకప్పుడు తాటిచెట్లెక్కి కల్లు దించి బెల్లం వండేవాడు. నోట్లో పళ్లు లేవు గానీ మాటకి మాత్రం పదునెక్కువ. అద్దెకొంప ఆటలో ఇంటి యజమానిగా వేస్తే, "వంటింట్లో పులి ఉంది, దానికి అద్దె వేరే," అని తరగతి మొత్తాన్నీ నవ్వించాడు.

నిమొల్ అలా కాదు. ఆమెకి యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, జుట్టు కురచగా కత్తిరించుకుని ఉండేది. ఏ ఆటలో ఏ పాత్ర ఇచ్చినా, చెప్పింది చెప్పినట్టు, చెప్పీ చెప్పకముందే చేసేసేది. లేవమంటే అందరికన్నా ముందు లేచేది. ఒక్క ప్రశ్న అడిగేది కాదు. లుదివినా ఆమెని చూసి మురిసిపోయేది. 'ఈవిడ అక్కడ ఇట్టే బతికేస్తుంది,' అనుకునేది.

జూలైలో టీచర్లకి కొత్త ఆట ఒకటి నేర్పారు. పేకముక్కల ఆట. గదిలో నాలుగు బల్లలు. ఒక్కో బల్లకి ఆట నియమాలు రాసిన కాగితం ఇస్తారు. చదువుకున్నాక కాగితాలు తీసేసుకుంటారు. ఆ తర్వాత ఎవరూ నోరు విప్పకూడదు, సైగ మాత్రమే. కాసేపయ్యాక ప్రతి బల్ల నుంచీ గెలిచినవాళ్లు పై బల్లకీ, ఓడినవాళ్లు కింది బల్లకీ మారతారు. అసలు కిటుకు ఎక్కడుందంటే, ఏ బల్ల నియమాలు ఆ బల్లవే. ఒకచోట పెద్ద ముక్కదే గెలుపు, ఇంకోచోట చిన్నముక్కది. ఆ సంగతి ఆడేవాళ్లకి చెప్పరు. కొత్త బల్ల దగ్గరికి వచ్చినవాడు తను గెలిచాననుకుని ముక్కలు లాక్కుంటే పక్కవాడు చెయ్యి పట్టుకుంటాడు. గొడవ, నవ్వులు, కోపాలు. ఆట ముగిశాక టీచరు, "కొత్త దేశంలో మీకు ఇలాగే ఉంటుంది," అని చెప్పాలి. శిక్షణలో టీచర్లు ఆడినప్పుడు లుదివినా బల్ల గుద్ది మరీ పోట్లాడింది. ఆ ఆటతో ఆమెకి ప్రాణం లేచివచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం తరగతిలో అదే ఆడించింది. రేకుల మీద వాన గులకరాళ్లు పోసినట్టు పడుతోంది. సారిన్ ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్లి, ఆ బల్ల నియమాలు గుసగుసగా చదివి వినిపించి కాగితాలు వెనక్కి తీసుకున్నాడు. "ఇక మాటలు బంద్," అంది లుదివినా, పెదాల మీద వేలు పెట్టి.

మొదటి విడత బాగానే నడిచింది. మనుషులు బల్లలు మారారు. లుదివినా గొడవ కోసం చెవులు రిక్కించింది. గొడవ రాలేదు. కొత్త బల్ల దగ్గర ఎవరైనా తల అడ్డంగా ఊపితే చాలు, వచ్చినవాళ్లు చేతిలో ముక్కలు వదిలేస్తున్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడడంలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి గొణిగే చున్ తాత నోరు గట్టిగా బిగించుకుని, తన రెండు చేతులవైపే చూసుకుంటున్నాడు. నిమొల్ రెండో బల్ల దగ్గరికి వచ్చి ఒక ముక్క వేసింది. ఎదుటివాడు కాదన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె వెంటనే తన ముక్కలన్నీ బోర్లించి, వాటిని అతనివైపు నెట్టేసి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తలవంచి కూర్చుంది.

ఆ గదిలో వాన చప్పుడు తప్ప మరేమీ లేదు.  లుదివినా చెప్పిన సమయం కన్నా ముందే చప్పట్లు కొట్టి ఆట ఆపేసింది.

"ఎలా ఉంది? ఏమనిపించింది?"

"బాగుందంటున్నారు," అన్నాడు సారిన్.

"అందరూనా? ఒక్కరికీ కోపం రాలేదా? ఇది అన్యాయం, నియమం ఎందుకు మారిందని అడగాలనిపించలేదా?"

సారిన్ ఆ మాట చేరవేయడానికి కాసేపు తటపటాయించాడు. చేరవేశాడు.  అప్పుడు నిమొల్ లేచి నిలబడింది. ఆమె తనంతట తాను లేవడం అదే మొదటిసారి. గొంతు పెంచకుండా, గోడకేసి చూస్తూ మాట్లాడింది. సారిన్ ఆమె వెనకే ఒక్కో ముక్కా చెబుతూ వచ్చాడు.

"టీచరమ్మా, ఈ ఆట మాకు కొత్త కాదు. మా దేశాన్ని పట్టుకున్న నల్లదుస్తుల వాళ్ల రాజ్యంలో మూడేళ్ల ఎనిమిది నెలల ఇరవై రోజులు ఇదే ఆడాం. రాత్రి ఉన్న నియమం తెల్లారేసరికి ఉండేది కాదు. మారిందని చెప్పేవాళ్లు లేరు. అడగకూడదు. అడిగినవాళ్లని వేరే బల్లకి మార్చేవాళ్లు. మా థావీ అడిగింది. నా కూతురు. పంతొమ్మిదేళ్లు. నాకు జ్వరం. 'అమ్మ లేవలేకపోతోంది, తన వాటా గంజి నేను పట్టుకెళ్లనా?' అని అడిగింది, అంతే. మా చేత పొలం పని చేయించే దళం నాయకుడు నవ్వాడంట. 'నీకు అమ్మ మీద ప్రేమెక్కువ, నిన్ను మంచి దళంలో వేస్తాం' అన్నాడంట. ఆ పొద్దే తీసుకుపోయారు. ఏడేళ్లయింది. ఉందో లేదో చెప్పినవాళ్లు లేరు."

ఆమె కూర్చుంది. కూర్చుని, ఏదో తప్పు చేసినదానిలా, "ఆట బాగానే ఉంది టీచరమ్మా," అంది మళ్లీ.

లుదివినా ఆ రోజు పాఠం ఎలా ముగించిందో ఆమెకి గుర్తులేదు. టీచర్ల గదిలోకి వచ్చి కూలబడితే, పక్క తరగతి ఫెలీ దగ్గరికి వచ్చింది. ఆమె అయిదుగురు పిల్లల తల్లి. లుదివినా ఆమెని అక్కా అనీ, ఆమె లుదివినాని లూదింగ్ అనీ పిలుచుకునేవాళ్లు.

"ఏమే లూదింగ్, దెయ్యాన్ని చూసినట్టున్నావు?"

జరిగింది చెప్పింది. ఫెలీ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నీకేం తెలుసు పిల్లా? నువ్వు కావాలని చేశావా? రేపట్నుంచి ఇస్త్రీపెట్టె ఎలా వాడాలో చెప్పు. దానికి ఏడ్చేవాళ్లు ఉండరు."

"ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేస్తుంటే మంచి విద్యార్థి అనుకున్నానక్కా. అది భయమే. మూడు నెలలుగా నా కళ్లముందే ఉంది, నేను మార్కులు వేశాను."

మర్నాడు తరగతి అయ్యాక లుదివినా సారిన్‌ని వెంటబెట్టుకుని నిమొల్ ఉండే గదికి వెళ్లింది. పొడుగాటి పాకలో వెదురు తడకలతో విడదీసిన గది. నిమొల్ బయట పొయ్యి ముందు కూర్చుని తూటికూర తుంచుతోంది. టీచరు రావడం చూసి కంగారుగా లేవబోతే లుదివినా ఆమె పక్కనే నేలమీద చతికిలబడింది.

"పిన్నీ, క్షమించమని అడగడానికొచ్చాను."

నిమొల్ సారిన్ వంక చూసి ఏదో అంది. సారిన్ నవ్వు ఆపుకున్నాడు. "క్షమాపణ తర్వాత, ముందు తినండి, మీరు మరీ బక్కగా ఉన్నారంటోంది."

రేషనులో ఇచ్చిన డబ్బాచేపలూ తూటికూరా చింతకాయలూ వేసి కాచిన పులుసు. లుదివినా ఒక్క గుటక మింగి ఆగిపోయింది. తన తల్లి చేసే సినిగాంగ్ పులుసు ఇలాగే నాలుక చివర కాస్త చేదు తగిలేది. తను ఎన్నేళ్లుగా వండుతున్నా ఆ చేదు ఎప్పుడూ కుదరలేదు.

"ఇందులో ఏం వేశారు?"

"చింతచిగురు కాస్త మాడ్చి వేస్తాను. అందరూ తప్పంటారు. మా థావీకి అలాగే ఇష్టం." నిమొల్ ఆమె గిన్నెలో ఇంకో గరిటె పోసింది. "నీకు పెళ్లయిందా అమ్మాయ్?"

"లేదు పిన్నీ."

"ఎందుకు కాలేదు? మొహం బాగానే ఉందిగా."

సారిన్ ఇబ్బందిగా చేరవేశాడు. లుదివినా నవ్వేసింది. తర్వాత ఎందుకో అమాదో సంగతంతా చెప్పేసింది. ఇంట్లోవాళ్ల దగ్గర కూడా ఎత్తని పేరు. నిమొల్ వింటూ వింటూ కూర తుంచడం ఆపేసింది.

"మీ అమ్మ ఉంటే ఆ ఆరేళ్లలో మూడుసార్లు వాళ్లింటి గుమ్మం తొక్కి ఉండేది. ఇలాంటివి ఆడపిల్ల తనంతట తాను తేల్చుకునేవి కావు. తల్లి పట్టు వదలకుండా వెంటపడాలి." మళ్లీ కూర అందుకుంది. "థావీకి పదిహేనో ఏడు వచ్చినప్పుడే పట్టుచీర నేయడం మొదలుపెట్టాను. బంగారు రంగు. మా మగ్గం మీదే. పట్నం ఖాళీ చేయమన్నప్పుడు కుండలో పెట్టి ఇంటికింద పాతిపెట్టాను. అది ఇప్పుడు ఎవరు కట్టుకున్నారో."

తిరిగి వస్తుంటే వాన వెలిసింది. గదుల మధ్య బాట అంతా బురద. లుదివినా సగం దారిలో ఆగి, సారిన్‌ని ఆపి, మళ్లీ వెనక్కి నడిచింది.

"పిన్నీ, మూడు నెలలుగా మిమ్మల్ని నేను చూడని దేశంలో తిప్పుతున్నాను. ఒక్కరోజు మీరు నన్ను మీ దేశంలో తిప్పండి. తరగతిలోనే. నేను కొత్తదాన్ని, నాకేమీ తెలియదు. మీరు నేర్పండి. నేను ఎన్నిసార్లయినా అడుగుతాను, మీరు ఎన్నిసార్లయినా చెప్పాలి. ఇదే నియమం."

"ఏం ఆట ఆడాలి?"

"మీ ఇష్టం."

నిమొల్ చాలాసేపు పొయ్యిలో బూడిద కదుపుతూ కూర్చుంది. తర్వాత ఒక్కమాట అంది. సారిన్ ఆ మాటని వెంటనే చేరవేయలేకపోయాడు. చివరికి, "పెళ్లి అంటోంది," అన్నాడు.

*

ఆ వారమంతా తరగతి తరగతిలా లేదు. అప్పటిదాకా అయిదు నిమిషాలు ముందుగా పుస్తకాలు సర్దుకునేవాళ్లు గంట దాటినా కదలడంలేదు. పళ్లేలు ఎన్ని పట్టాలి, మేళం ముందా పళ్లు ముందా, జుట్టు కత్తిరించే తంతు బత్తంబాంగ్‌లో ఒకలా, తకేవ్ వైపు ఊళ్లలో ఒకలానా... ఒకటే వాదులాట. పేకముక్కల రోజు నోరు విప్పని మనుషులు ఇప్పుడు బల్లలు చరిచి అరుచుకుంటున్నారు. నిమొల్ మధ్యలో నిలబడి తీర్పులు చెబుతోంది. లుదివినా ఓ మూల కూర్చుని ఏమీ అర్థంకాక, అందరినీ చూసి నవ్వుతోంది.

పోకపూత లేనిదే పెళ్లి కాదన్నారు. అది మాత్రం లుదివినా తన వంతన్నది. బలాంగాలో మేనత్త ఇంటి వెనక పోకచెట్లున్నాయి. ఆదివారం వెళ్లి, పొత్తి విచ్చని పూత మూడు గెలలు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. వాటిని చూడగానే గదిలో ఆడవాళ్లు దగ్గరికి వచ్చి, ముట్టుకోకుండా వాసన చూశారు. తొమ్మిదేళ్లుగా చూడలేదని ఒకామె అంది.

అసలు చిక్కు పెళ్లికూతురి దగ్గర వచ్చింది. తరగతిలో పెళ్లికాని అమ్మాయిలు ఇద్దరున్నారు. ఆటపెళ్లి అరిష్టమని ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. "కొత్తగా వచ్చింది ఎవరు? నేర్చుకునేది ఎవరు?" అంది నిమొల్. "టీచరమ్మే పెళ్లికూతురు."

"మరి పెళ్లికొడుకో?" అంది లుదివినా సిగ్గుపడుతూ.

సారిన్ మొహం తిప్పుకున్నాడు. మిగతా మగవాళ్లు భార్యల వంక చూశారు. చున్ తాత వెనక బల్ల మీంచి లేచి, చొక్కా గుండీలు సర్దుకున్నాడు. "ఏం చేస్తాం, ఊరికి పెద్దగా కొన్ని బాధ్యతలు తప్పవు."

"తాతా, నీకు పళ్లే లేవు!" అన్నాడెవరో.

"కాపురానికి పళ్లెందుకురా? తాటిచెట్టుకి ముప్పై ఏళ్లు కాపురం చేశాను. అది ఏనాడూ పళ్లు చూపించమనలేదు."

శుక్రవారం మధ్యాహ్నం పెళ్లి. బిస్కెట్ డబ్బాలు మేళమైనాయి. బయట వరండాలోంచి పెళ్లికొడుకు ఊరేగింపు వచ్చింది. జంటజంటలుగా అరటిపళ్లు, రంబుటాన్ పళ్లు, రేషను పాలడబ్బాలు మోసుకుంటూ. ఎవరో తెచ్చిన పూలదుప్పటిని అంచులు మడిచి చున్ తాత నడుముకి చుట్టారు. ఆయన నడక చూసి పక్క తరగతుల వాళ్లు కిటికీలకి వేలాడారు. ఫెలీ కూడా తన తరగతి వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది.

లుదివినా తప్పులు చేయడానికే పుట్టినట్టు చేసింది. కాళ్లు పెద్దలవైపు చాపి కూర్చుంది. ఒక ముసలామె జుట్టులో పడ్డ పువ్వు తీయబోయి ఆమె తలమీద చెయ్యి వేసింది. గది మొత్తం 'అయ్యో' అంది. "ఎందుకు? ఎందుకు కూడదు?" అని అడిగింది. తల అన్నిటికన్నా పవిత్రమైన చోటని ఒకరు, అక్కడ ప్రాణం ఉంటుందని ఒకరు, మా అమ్మ కొట్టేది అందుకే అని మరొకరు, అందరూ ఒకేసారి చెప్పారు. ఆమె మళ్లీ మళ్లీ అడిగింది. వాళ్లు మళ్లీ మళ్లీ చెప్పారు. అడిగేకొద్దీ వాళ్ల గొంతులు పెరిగాయి, నడుములు నిటారుగా నిలిచాయి.

పోకపూత పొత్తులు విప్పారు. ఒక గెల తల్లికి, ఒకటి తండ్రికి, ఒకటి తోబుట్టువుకి. తండ్రి గెల అందుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. నిమొల్ భర్త ఆ రాజ్యం మొదటి ఏడాదిలోనే పోయాడు. చివరికి సారిన్ వచ్చి ఆ చోట కూర్చున్నాడు. తర్వాత చేతికి తోరం కట్టే తంతు. బియ్యం బస్తాల మూతికి కుట్టిన ఎర్రదారాలు లాగి, పేని, తోరాలు చేశారు. ముందుగా కట్టేది పెళ్లికూతురి తల్లి. ఆ సమయంలో పెళ్లికూతురు నోరు మెదపకూడదని నిమొల్ పొద్దున్నే పదిసార్లు చెప్పింది.

నిమొల్ వచ్చి ఆమె ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది. లుదివినా మణికట్టు తన ఒళ్లోకి తీసుకుంది. వేళ్లు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. దారం చుట్టి, ముడి వేస్తూ, దీవెన మొదలుపెట్టింది. ఆ దీవెన లుదివినాకి సారిన్ ముందే అర్థం చెప్పి ఉన్నాడు. చల్లగా ఉండు, రోగాలు రాకుండా ఉండు, నీ గాదె నిండుగా ఉండాలి. రెండు మాటలు అయ్యాక నిమొల్ గొంతులో అనుకోని పేరు ఒకటి వచ్చింది. "థావీ," అంది. మళ్లీ అంది. ఆ తర్వాత ఏం మాట్లాడిందో దీవెన కాదు, మామూలు మాటలు. చిన్నచిన్నవి. పొద్దున్నే బడికి పంపుతూ చెప్పినట్టు, జడ వేస్తూ చెప్పినట్టు. డబ్బాల మేళం దానంతట అదే ఆగిపోయింది. సారిన్ ఒక్క ముక్క కూడా చేరవేయలేదు. తలవంచుకుని, పోకపూత గెలని ఒళ్లో పట్టుకుని కూర్చున్నాడు.

లుదివినాకి ఆ మాటలు ఒక్కటీ తెలియదు. అయినా ఏదో అడిగినట్టు చివరి మాట పైకి లేచి ఆగింది. అడిగిన ఆవిడ కళ్లెత్తి చూస్తోంది. ఒక తల్లి తనని అలా చూసి ఇరవై రెండేళ్లయింది. పెళ్లికూతురు నోరు మెదపకూడదు. ఆమె మెదిపింది.

"చా, మె," అంది. వాళ్ల భాషలో, అలాగే అమ్మా, అని.

తప్పన్నవాళ్లు ఎవరూ లేరు. నిమొల్ ముడి బిగించింది. చెంపలు మోచేత్తో తుడుచుకుంది. కాసేపటికి మామూలు గొంతుతో సారిన్‌కి ఏదో చెప్పింది. ఈసారి ఆయన చేరవేశాడు.

"నువ్వు థావీవి కావని నాకు తెలుసమ్మాయ్. నాకు మతి పోలేదు. కానీ కట్టాల్సిన తోరం ఒకటి నా చేతిలో మిగిలిపోయింది. కట్టేశాను."

అప్పుడు వెనకనుంచి చున్ తాత అన్నాడు: "మరి నా చేతికో? పెళ్లికొడుకుని అడిగే దిక్కే లేదా ఈ ఇంట్లో?" గది మొత్తం నవ్వింది. నవ్వుతూనే చాలామంది మొహాలు పక్కకి తిప్పుకున్నారు. గుమ్మంలో ఫెలీ ముక్కు చీదుకుంటూ, "అయిదుగురు పిల్లల్ని కన్నదాన్ని, నా పెళ్లికి నేనే ఇంత ఏడవలేదు," అంది.

బల్లలన్నీ కలిపేసి భోజనాలు పెట్టారు. నిమొల్ పులుసు కాచింది, మాడ్చిన చిగురుతో. లుదివినా మూడుసార్లు పోయించుకుంది.

*

సెప్టెంబరు రెండో వారంలో ఆ తరగతి పేర్లు ప్రయాణాల జాబితాలో వచ్చాయి. నిమొల్‌కి మిన్నెసోటా రాష్ట్రం పడింది. అన్నిటికన్నా చలి ఎక్కువ ఉండే చోటని లుదివినాకి తెలుసు. తన ఉన్ని శాలువా ఒకటి ఇచ్చింది. అది బతాన్ చలికే సరిపోయేది కాదు. నిమొల్ దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

"అక్కడ ఎవరైనా ఏమైనా చెబితే, అర్థంకాకపోతే అడగండి," అంది లుదివినా. "ఊరికే తల ఊపకండి పిన్నీ. అడగడం తప్పు కాదక్కడ. అడిగితే ఎవరూ తీసుకుపోరు."

"నువ్వు చూశావా?"

"లేదు. కానీ..."

"సర్లే, నేను చూసి చెబుతా," అంది నిమొల్.

బస్సు వెళ్లిపోయింది. చున్ తాత కిటికీలోంచి, "పెళ్లామా, వేళకి తిను!" అని అరిచాడు. లుదివినా చెయ్యి ఊపింది. తిరిగి తరగతికి వెళ్తే, ఖాళీ గదిలో వీడ్కోలు భోజనానికి కలిపిన బల్లలు నాలుగూ కలిపినట్టే ఉన్నాయి. ఆమె విడదీయకుండా కాసేపు అక్కడే కూర్చుంది. ఇన్నాళ్లూ గోడ మీది అమెరికా పటం చూస్తే గుండెలో ఏదో లాగేది. ఆ రోజు పటం చూస్తే ఏమీ లాగలేదు. దాని పక్కన విద్యార్థులు గీసి అతికించిన వంకరటింకర నది, దాని ఒడ్డున చుక్క పెట్టి 'బత్తంబాంగ్' అని రాసిన కాగితం ఉన్నాయి. తను ఎన్నడూ వెళ్లని ఆ ఊరి మీద, అక్కడి పోకపూతల వాసన మీద, రెండు గంటలు మాత్రమే ఉండి వచ్చిన ఆ పెళ్లింటి మీద ఆమెకి బెంగ పుట్టింది.

పేకముక్కల ఆట ఆమె మానలేదు. కానీ ఆ తర్వాత వచ్చిన తరగతులకి ఒక విడతే మౌనంగా ఆడించేది. రెండో విడతలో ఎవరైనా లేచి 'ఎందుకు?' అని గట్టిగా అడిగితేనే ఆట ముందుకు సాగుతుందని నియమం మార్చింది. ఆఖరి శుక్రవారం మాత్రం ఎప్పుడూ విద్యార్థులదే. లావోస్ వాళ్లు గదిలో పడవపందేలు ఆడారు. వియత్నాం వాళ్లు కొత్త సంవత్సరం చేశారు. అన్నిటిలోనూ ఆమే కొత్త మనిషి, ఆమే తప్పులు చేసేది.

పద్నాలుగు నెలల తర్వాత నిమొల్ దగ్గర్నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. ఎవరిచేతో ఇంగ్లీషులో రాయించింది. ఆస్పత్రి బట్టలు ఉతికే చోట పని. మొదటి వారం ఏ యంత్రంలో ఏ బట్టలు వేయాలో చెప్పకుండానే తిట్టారట. రెండో వారం ఆమె మేస్త్రీని అడిగిందట.  అతను రాసి గోడకి అతికించాడట. థావీ పేరు అక్కడి సహాయ సంఘం వాళ్ల దగ్గర కూడా రాయించిందట. వాళ్లు వెతుకుతామన్నారట. చివర్లో ఇలా ఉంది: 'మా పనిచోట మీ దేశం మనిషి ఒకడున్నాడు. నలభై ఏళ్లు. తాగడు. నీ గురించి చెప్పనా?'

ఫెలీ ఆ ఉత్తరం చదివి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏం రాస్తావే?"

లుదివినా ఆ మధ్యాహ్నమే జవాబు రాసింది. 'ముందు మీరు బాగా చూడండి. మీకు నచ్చితే నాకు నచ్చినట్టే,' అని.

జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆమె టపా వచ్చే వేళకి ఏదో పని పెట్టుకుని ఆఫీసు దగ్గరే తచ్చాడేది. పెళ్లి కోసం కాదని ఫెలీకీ తెలుసు, ఆమెకీ తెలుసు. సముద్రం అవతల, ఆమె ఊహకందని చలిలో, ఒక ముసలావిడ తనకోసం ఎవరినో ఎగాదిగా చూస్తోంది, వాళ్లనీ వీళ్లనీ ఆరా తీస్తోంది, పట్టు వదలకుండా వెంటపడుతోంది. ఆ ఊహే ఆమెకి కావాల్సి వచ్చింది.

ఉత్తరం మార్చిలో వచ్చింది. ఈసారి నిమొల్ సొంత చేతిరాత. వంకర అక్షరాలు, నాలుగే వరసలు. 'ఆ మనిషి మంచివాడు కాదు. మీ దేశంలో, ఇలోయిలోలో, పెళ్లాం ఉంది. నేను అడిగాను, అతను చెప్పాడు. నేను తిట్టాను. ఇంకొకరిని చూస్తాను.'

లుదివినా దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి, రవిక లోపల పెట్టుకుని తరగతిలోకి వెళ్లింది. ఆ రోజు కొత్త వాళ్లు వచ్చారు. ముందు వరసలో కూర్చున్న ఒకామె పేరు అడక్కముందే లేచి, చేతులు కట్టుకుని, తలవంచింది. లుదివినా ఆమె దగ్గరికి వెళ్లి, పక్కనే నేలమీద కూర్చుంది.